అటక మీది విమానం

అటక మీద ఏమేం ఉన్నాయో ఇల్లాలికి తెలియకుండా ఉండదంటారు. తెలియకేం, అన్నీ తెలుసు. మా అబ్బాయి ఉయ్యాల గొలుసులు, మూత లేని ఇత్తడి గంగాళం, "ఎప్పటికైనా పనికొస్తాయి" అని మావారు చుట్టచుట్టి దాచిన పాత కరెంటు తీగలు, పెళ్ళిలో ఎవరో చదివించిన గోడగడియారం. అన్నిటికీ లెక్క చెప్పగలను. కాని తెలిసి తెలిసీ, అటు చూడకుండా వదిలేసిన వస్తువు ఒక్కటైనా ప్రతి ఇంటి అటక మీదా ఉంటుంది. మా ఇంట్లో అది ఒక బిస్కెట్ల రేకు డబ్బా.

2025 వేసవిలో ఇంటికి రంగులు వేయించాం. రంగులు వేసే కుర్రాడు అటక ఎక్కి ఒక్కొక్కటే కిందికి అందిస్తూ, ఆ డబ్బా దగ్గర ఆగి మూత తీసి చూశాడు. "అమ్మగారూ, ఇందులో విమానం ఉందండీ!" అని కేకపెట్టాడు.

హాల్లో పడక కుర్చీలో ఉన్న మా అత్తగారు పత్రిక మీంచి తలెత్తి నా వంక చూశారు. నేను గంగాళం వంక చూశాను.

విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. ఆర్ట్సు చదువుకుని నవలలు రాసుకునేదానికి విమానాలతో పనేమిటని మీరడగవచ్చు. అదంతా మా పెద్దమావయ్య వల్ల వచ్చింది. ఆయన వర్తక ఓడల్లో ఇంజనీరు. 1990లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, సింగపూరు నుంచి మా అన్నయ్యకి ఒక అట్టపెట్టె తెచ్చాడు. పైన నీలాకాశంలో దూసుకుపోతున్న స్పిట్‌ఫైర్ బొమ్మ. లోపల చూస్తే విమానమూ లేదు, ఆకాశమూ లేదు. కొమ్మకి కాయలు వేలాడినట్టు ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని బోలెడు ముక్కలు. వాటిని ఒక్కొక్కటే కోసి, అంచులు అరగదీసి, జిగురు పెట్టి అతికించి, రంగు వేయాలి. మా అన్నయ్య రెండు రెక్కలూ తలకిందులుగా అంటించి, విసుగెత్తి క్రికెట్టుకి వెళ్ళిపోయాడు. నేను ఆ రెక్కలు ఊడదీసి, మళ్ళీ సరిగ్గా అతికించాను. అంతే, ఆ జిగురు నాకే అంటుకుంది.

దీన్ని స్కేల్ మోడల్ అంటారు. అసలు వస్తువుని ఒక లెక్క ప్రకారం చిన్నది చెయ్యడం అన్నమాట. విమానాలకి ఎక్కువగా వాడే లెక్క 72వ వంతు. ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. 37 అడుగులకి కాస్త తక్కువ రెక్కలున్న స్పిట్‌ఫైర్ మన అరచేతిలో పట్టేస్తుంది. మా ఊరి రామకృష్ణా బీచి ఒడ్డున 2002 నుంచీ ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఉంది చూశారూ, 91 మీటర్ల పొడవుది, అది కూడా ఈ లెక్కలో నాలుగడుగుల పైచిలుకు అవుతుంది. మా భోజనాల బల్ల మీద పడుకోబెట్టవచ్చు. పప్పూ కూరా పెట్టుకోవడానికి చోటుండదు, అంతే.

వీటిని చేసే కంపెనీల కథలు కూడా తమాషాగా ఉంటాయి. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీని 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరీ దేశస్థుడు పెట్టాడు. మొదట్లో గాలి ఊదే రబ్బరు బొమ్మలూ, ఆ తర్వాత తల దువ్వుకునే దువ్వెనలూ చేసేవారట. వాళ్ళ మొదటి స్పిట్‌ఫైర్ కిట్ 1950లలో వచ్చింది. జపానులో షిజువోకా పట్టణంలోని టామియా వాళ్ళది మొదట కలప వ్యాపారం. 1960ల మొదట్లో వాళ్ళు యుద్ధట్యాంకు బొమ్మ చేసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలి కదా అని ట్యాంకు కొలత నిర్ణయించారట. అది లెక్కవేస్తే 35వ వంతు అయింది. ఆ తర్వాత ప్రపంచమంతా ట్యాంకులకి అదే కొలత స్థిరపడిపోయింది. డబ్బాలో పట్టినన్ని జంతికలే చేసి, అదే మా ఇంటి ఆనవాయితీ అన్నట్టుగా లేదూ!

అతికించడం ఒక ఎత్తు, రంగు వెయ్యడం ఒక ఎత్తు. కుంచెతో వేస్తే చారలు పడతాయి. పైగా ఇక్కడొక చిక్కుంది. విమానాన్ని 72వ వంతుకి తగ్గించాం గాని, రంగు మందాన్ని ఎవరు తగ్గిస్తారు? మీరు వేసిన పూత మిల్లీమీటరులో పదోవంతు మందం ఉందనుకోండి, అసలు విమానం మీద అది ఏడు మిల్లీమీటర్ల పైమాటే. చీరకి పావు అంగుళం మందాన గంజి పెట్టినట్టు! అందుకే ఎయిర్‌బ్రష్ కావాలి. ఫౌంటెన్ పెన్ను లాంటి చిన్న పరికరం. 1879లో అమెరికాలో అబ్నర్ పీలర్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. గాలి కోసం చేత్తో పంపు కొట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు మనం వాడే పెన్ను లాంటి రూపాన్ని 1893 ప్రాంతంలో చార్లెస్ బర్డిక్ తెచ్చాడు. ఫొటోలకి మెరుగులు దిద్దేవాళ్ళు దీన్ని తెగ వాడేవారు.

పైన చిన్న గిన్నె, లోపల పొడుగాటి సూది, చివర ముక్కుపుడక సీల కన్నా సన్నని రంధ్రం. నా దానిది 0.3 మిల్లీమీటర్లు. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎంత లాగితే అంత. పల్చటి పాలలా కలిపిన రంగు పొగమంచులా వెళ్ళి వాలుతుంది. 2004లో మావారు ఆఫీసు పని మీద సింగపూరు వెళ్తూ, "నీకేం తేను?" అని అడిగితే, చీరా వద్దు సెంటూ వద్దని కాగితం మీద ఈ పేరు రాసిచ్చాను. ఆయన దాన్ని పెదవుల రంగు పూసుకునే సాధనం అనుకున్నారట. దుకాణంలో చాలాసేపు తప్పు వరుసలో నిలబడ్డారు.

ఏడేళ్ళు హాయిగా వేసుకున్నాను. 2011లో మానేశాను.

ఎందుకు మానేశారని ఎవరడిగినా నా దగ్గర సమాధానం తయారుగా ఉండేది. "మా అత్తగారికి పడదండీ. ఆవిడకి ఉబ్బసం. రంగుల వాసన గిట్టదు." విన్నవాళ్ళు "అయ్యో" అనేవారు. నేను కొంచెం తల వంచుకునేదాన్ని. ఆ తల వంచుకోవడంలో ఎంత సుఖముందో, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అంతటితో ఆగానా? నా మూడో నవలలో ఒక అత్తగారిని పెట్టాను. వీణ మీద ప్రాణం పెట్టుకున్న కోడలి చేత వీణ అటకెక్కించిన అత్తగారు. ఆ అధ్యాయం చదివి కన్నీళ్ళు పెట్టుకున్నామని ఎందరో పాఠకురాళ్ళు ఉత్తరాలు రాశారు. అవన్నీ ఇప్పటికీ దాచుకున్నాను.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి చెబుతాను.

రంగుల కుర్రాడు వెళ్ళిపోయాక, పెరటి వైపు బాల్కనీలో కూచుని మూత తీశాను. సగం రంగు వేసిన స్పిట్‌ఫైర్. రెక్కల మీద అప్పుడంటించిన మాస్కింగ్ టేపు అలాగే ఉంది. పసుపు పచ్చగా మారి, పెళుసెక్కి, ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోయింది. దాని జిగురు మాత్రం రెక్కని వదల్లేదు. నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల కాగితాలు, వాటిని డెకాల్స్ అంటారు, పాత శుభలేఖల్లా పచ్చబడిపోయాయి. పక్కనే గుడ్డలో చుట్టిన ఎయిర్‌బ్రష్. గిన్నె అడుగున ఆకుపచ్చ రంగు గడ్డకట్టి ఉంది.

ఆ గడ్డకట్టిన రంగు చూడగానే నా ముఖం వేడెక్కింది. ఎందుకంటే, ఎయిర్‌బ్రష్ పట్టుకున్న ఎవరైనా మొదట నేర్చుకునే నియమం ఒక్కటే. రంగు వెయ్యడం రాకపోయినా ఫరవాలేదు, వేశాక కడగకుండా మాత్రం లేవకూడదు. అన్నం గిన్నెనైనా రాత్రంతా వదలచ్చు గాని దీన్ని ఒక్క గంట వదలకూడదు. నాకది బాగా తెలుసు. మరి ఆ రోజు కడగకుండా ఎందుకు లేచానో కూడా తెలుసు. పధ్నాలుగేళ్ళుగా తెలుసు.

2011 శ్రావణ శుక్రవారం. సాయంత్రం పేరంటానికి ఆరేడుగురు వచ్చారు. తాంబూలాలు ఇస్తున్నాను. వెనక గదిలో బల్ల మీద స్పిట్‌ఫైరూ, పక్కన కంప్రెసరూ ఉన్నాయి. మధ్యాహ్నమే అడుగుభాగానికి బూడిదరంగు వేసి ఆరబెట్టాను. ఒకావిడ చెయ్యి కడుక్కోవడానికి అటు వెళ్ళి చూసింది. "ఇదేమిటండీ, విమానం! మీరు చేస్తున్నారా?" అని నవ్వుతూ అడిగింది. తక్కినవాళ్ళందరూ నా వైపు తిరిగారు.

"అబ్బే, మా వాడిదండీ. స్కూలు ప్రాజెక్టు. వాడి వల్ల కాక నా ప్రాణం తీస్తున్నాడు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నవలలు రాసేదాన్ని కదా, సంభాషణ తడుముకోనక్కరలేదు. అందరూ నవ్వారు. పిల్లల ప్రాజెక్టులు తల్లుల ప్రాణానికి వచ్చాయని కాసేపు చెప్పుకున్నారు. నేనూ చెప్పాను. ఎనిమిదేళ్ళ మా అబ్బాయి గుమ్మంలో నిలబడి నావంక తెల్లబోయి చూశాడు.

వాళ్ళు వెళ్ళాక గదిలోకి వెళ్ళి కూచున్నాను. చేతులు వణుకుతున్నాయి. ఎవరి మీద కోపమో తెలియని కోపం. ఎనామెల్ రంగు ఒక రోజైనా ఆరాలి. ఆరకముందే దాని మీద టేపు అంటించాను. ఆకుపచ్చ రంగు చిక్కగా ఉందని తెలిసి కూడా పోశాను. గాలి ఎక్కువ పెట్టాను. రంగు రెక్క మీద పడి, కంటి కాటుక కారినట్టు సాలెకాళ్ళుగా పాకిపోయింది. సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి మా అత్తగారి దగ్గు, దగ్గు వెనకాలే మాట: "అమ్మాయ్, వాసనొస్తోంది. ఆ తలుపు వేసుకోమ్మా!"

నాకెంత ఉపశమనం కలిగిందనుకున్నారు! మునిగిపోతున్నదానికి తెప్ప దొరికినట్టయింది. కంప్రెసరు ఆపాను. కడగలేదు, తుడవలేదు. అన్నీ డబ్బాలో పడేసి, మూత బిగించి, మర్నాడు పనిమనిషి చేత అటకెక్కించాను. మావారు "అదేమిటీ?" అంటే, "మీ అమ్మగారికి పడటం లేదు" అన్నాను. ఆయన పాపం మాట్లాడలేదు.

ఇదీ జరిగింది. రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు.

సరే, విప్పి శుభ్రం చేద్దామని కూచున్నాను. వెనక తొడుగు తీసి, సూదిని పట్టి ఉంచే మర వదులుచేసి లాగితే సూది రాదే! టర్పెంటైన్‌లో రాత్రంతా నానబెట్టాను. లాభం లేకపోయింది. ఎనామెల్ రంగు తడిగా ఉన్నప్పుడు టర్పెంటైన్‌కి లొంగుతుంది గాని, ఏళ్ళు గడిచి గట్టిపడ్డాక లొంగదు. పెయింట్ల కొట్టుకెళ్ళి ఎన్‌సీ థిన్నరు తెచ్చాను. అది ఘాటైన సరుకు. బాల్కనీలోనే, ఇంటివైపు తలుపు మూసి, ముక్కుకి బొగ్గుగుళికల మాస్కు పెట్టుకుని చేశాను. 2020లో మనందరం కట్టుకున్న గుడ్డమాస్కు ఇలాంటి ఆవిరిని ఆపదు సుమండీ. లోపలి రబ్బరు వాషర్లని ముందే తీసి పక్కన పెట్టాలి, లేకపోతే థిన్నరులో ఉబ్బిపోతాయి. నావి ఎలాగూ ఎండి పగిలాయి, కొత్తవి తెప్పించాను. మూడోనాడు సూది కదిలింది. మెల్లగా లాగితే ఆకుపచ్చ తొక్కతో సహా బయటికొచ్చింది. దంతవైద్యుడికి కూడా పన్ను ఊడినప్పుడు అంత ఆనందం ఉండదేమో. రెక్క మీది టేపు జిగురుకి మన ఇంటి వైద్యమే పనిచేసింది. స్టీలు గిన్నెల మీది చీటీ జిగురు తీసినట్టు కొబ్బరినూనె రాసి, కాసేపు ఉంచి, సబ్బునీళ్ళతో కడిగాను. పాకిన రంగుని తడి ఉప్పుకాగితంతో నున్నగా తీశాను. పచ్చబడిన డెకాల్స్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటించాను. ఎండకి ఆ పసుపు విరుగుతుంది. రెండు మూడు వారాలు వడియాలకి కాపలా ఉన్నట్టు ఉన్నాను.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఫోనులో చెప్పాను. వాడు ఒక్కక్షణం మాట్లాడలేదు. తర్వాత, "నా స్కూలు ప్రాజెక్టు ఎంతవరకూ వచ్చిందమ్మా?" అన్నాడు. వాడు మర్చిపోయి ఉంటాడనుకున్నాను!

తర్వాతి వారం వాడే నీళ్ళతో పల్చబరచుకునే ఎక్రిలిక్ రంగులు పంపించాడు. ఎనామెల్ అంత వాసన లేదు. ఇక వంక లేదు. మీట మీద వేలు పెట్టాలి.

పాత పత్రిక పరిచి గీతలు గీయడం మొదలుపెట్టాను. ఏడేళ్ళు వేసిన చెయ్యి కదా, వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. ప్రతి గీతకీ రెండు చివర్లా రెండు బొట్లు, మధ్యలో సన్నని తోక. పైగా మా ఊరి గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదుగా. కంప్రెసరు గాలితో పాటు నీళ్ళు కూడా పట్టుకొచ్చి, తుమ్మినట్టు మధ్యమధ్య చుక్కలు చిమ్మింది. దారిలో నీటిబొట్టు పట్టే చిన్న సీసా బిగించాక అది తగ్గింది. బొట్లు మాత్రం తగ్గలేదు. పిల్లలు చదువు మర్చిపోతే తిడతాం. మన చెయ్యి మర్చిపోతే ఎవరిని తిట్టుకోవాలి?

నాలుగోరోజు సాయంత్రం గీతలు గీస్తుంటే వెనక అలికిడయింది. మా అత్తగారు చేతికర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఆవిడకి డెబ్బైతొమ్మిదేళ్ళు. నేను కంగారుగా కంప్రెసరు ఆపబోయాను.

"ఉండనీ. ఈ రంగు వాసన రావడం లేదులే" అన్నారు. కుర్చీ లాక్కుని కూచుని కాసేపు నా గీతలు చూశారు. "నువ్వు ముగ్గు తప్పు పెడుతున్నావమ్మాయ్" అన్నారు.

"ముగ్గా?"

"కాకపోతే ఏమిటి? పిండి వదిలాక చెయ్యి కదుపుతున్నావు. అందుకే మొదట్లో ముద్ద పడుతోంది. చెయ్యి బయల్దేరాక పిండి వదలాలి. చివర్న పిండి ఆపాక చెయ్యి ఆపాలి. చిన్నపిల్లలకి మొదటిరోజు చెప్పే మాట."

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఎయిర్‌బ్రష్ మీద నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉన్న మాట అదే. గాలి ముందు, చెయ్యి తర్వాత, రంగు ఆ తర్వాత. ఆపేటప్పుడు రంగు ముందు. ఎంతదూరం నుంచి పడితే గీత అంత లావు, ఎంత త్వరగా కదిలితే అంత సన్నం. ముగ్గుకీ అంతే! మా అత్తగారి చేతి ముగ్గు ఒకప్పుడు వీధి వీధంతా వచ్చి చూసేది. ఇరవైయొక్క చుక్కల మెలికల ముగ్గు చెయ్యెత్తకుండా వేసేవారు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి ముందు కదిపి, తర్వాత మీట లాగాను. బొట్టు లేని గీత వచ్చింది. పధ్నాలుగేళ్ళ తర్వాత మొదటి గీత.

"చూశావా" అన్నారావిడ. ఆ తర్వాత కాసేపాగి, మామూలు మాటలాగే అడిగారు. "ఎందుకు మానేశావమ్మాయ్ అప్పుడు?"

నా తయారు సమాధానం నాలిక చివరిదాకా వచ్చింది. ఎవరికని చెప్పను? నా దగ్గర ఉన్న ఒకే ఒక్క సమాధానం, ఆవిడకి తప్ప లోకంలో అందరికీ చెప్పదగ్గది.

"మీకు వాసన పడదని..." అంటూ నసిగాను.

"నేను తలుపు వేసుకోమన్నాను గాని, మానెయ్యమన్నానా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అన్నారు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

"ఆ పేరంటం నాడు వాళ్ళతో బాబుది అని చెప్పావు. లోపల్నించి విన్నాను. అంత బాగా చేసుకుంటున్నదాన్ని తనది కాదంటుందేమిటీ పిల్ల అనుకున్నాను. మర్నాటికి అటకెక్కింది. అడుగుదామనుకున్నాను. కొత్తగా మీ ఇంటికొచ్చి ఉంటున్నదాన్ని, మీ మావగారు పోయి ఏడాదైనా కాలేదు, కోడల్ని ఆరా తీస్తున్నానంటావేమోనని ఊరుకున్నాను." ఆవిడ చేతికర్ర చివర్ని చూసుకుంటూ అన్నారు. "నీ నవల కూడా చదివాను. ఆ వీణది. అందులో అత్తగారు మరీ దుర్మార్గురాలమ్మా!"

అంతే. ఇంకొక్క మాట లేదు. ఆ నవల వచ్చి పదేళ్ళు దాటింది. పదేళ్ళుగా ఆవిడ దాన్ని చదివి, మూసి, రోజూ పొద్దున్నే నాకు కాఫీ డికాక్షను దించి ఇస్తున్నారు.

నేను లేచి ఆవిడ కుర్చీ పక్కన కింద కూచున్నాను. "మీరు కాదత్తయ్యా మాన్పించింది. నాకే సిగ్గేసింది" అన్నాను. ఇంత పెద్దదాన్ని, ఆ ఒక్క మాటా అనడానికి గొంతు పెగల్లేదు.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, చిన్నగా నవ్వారు. "పోనీలే. నేనూ తక్కువదాన్ని కాను. ముగ్గు ఎందుకు మానేశారని ఎవరడిగినా, మా కోడలు వాకిట్లో స్టిక్కరంటించేసిందమ్మా అని చెబుతూంటాను. మోకాళ్ళు వంగక మానేశానని చెప్పుకోవడం నామోషీ!"

ఆ స్టిక్కరు నేను అంటించిన మాట నిజమే. ఆవిడ వంగలేక అవస్థ పడుతున్నారని అంటించాను. నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒకే కప్పు కింద ఇద్దరం ఒకరి పేరు మీద ఒకరం అప్పు రాసుకుంటూ వచ్చామన్నమాట!

ఇది చదువుతున్నవాళ్ళలో సంగీతం మానేసినవారున్నారు, బొమ్మలు మానేసినవారున్నారు, కుట్టుపనో కథలో మానేసినవారున్నారు. నిజంగానే మాన్పించిన ఇళ్ళు లేవని నేననను. ఉన్నాయి, నాకు తెలుసు. వీణని అటకెక్కించిన అత్తగార్లూ ఉన్నారు, చింపేసిన మొగుళ్ళూ ఉన్నారు. ఆ నవల చదివి ఉత్తరాలు రాసినవాళ్ళ కన్నీళ్ళు అబద్ధం కావు. అందుకే ఆ అధ్యాయం మార్చను. కాని నా మటుకు నేను చేసింది వేరు. నలుగురు నవ్వుతారని జడిసి, నాది నాది కాదని చెప్పి, ఆ పిరికితనాన్ని ఒక పెద్దావిడ దగ్గు మీద పెట్టాను. రంగు కన్నా ఆ అబద్ధమే గట్టిగా గడ్డకట్టింది. దానికి ఏ థిన్నరూ పనిచెయ్యదు. చెప్పుకోవడం ఒక్కటే దారి.

స్పిట్‌ఫైరు పూర్తయింది. 1941 ఆగస్టు నుంచి బ్రిటిష్ యుద్ధవిమానాలకి వేసిన రంగులు వేశాను. అడుగున లేత బూడిద, పైన ముదురు బూడిద మీద ఆకుపచ్చ పట్టీలు. అంతకుముందు ఆ బూడిద స్థానంలో మట్టిరంగు ఉండేది. యుద్ధం సముద్రం మీదికి జరిగాక నీళ్ళలో కలిసిపోయేలా మార్చారు. పట్టీల అంచులు టేపు లేకుండా చేత్తోనే వేశాను. కారు టైరులో ఉండే గాలిలో సగం, 15 పౌండ్ల ఒత్తిడి చాలు. ఆరాక మెరుగుపూత వేసి, దాని మీద డెకాల్స్ అంటించి, చివర్న మెరుపు తగ్గించే పూత వేశాను. గరుకు రంగు మీద నేరుగా అంటిస్తే డెకాల్ కింద గాలి చేరి వెండిలా మెరుస్తుంది. అన్నీ బాగానే కుదిరాయి. ఎడమరెక్క మీద మాత్రం, వెలుతురుకి వంచి చూస్తే, పాత రంగు పాకిన చోట చిన్న గీర కనిపిస్తుంది. మళ్ళీ అరగదీద్దామనుకుని, ఉండనీలే అని వదిలేశాను.

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి మళ్ళీ అందరూ వచ్చారు. విమానం హాల్లో అద్దాల బీరువాలో ఉంది. ఒకావిడ వంగి చూసి, "బాబు చేశాడా అండీ?" అంది.

నేను తాంబూలం పళ్ళెం పట్టుకుని ఉన్నాను. జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా పడక కుర్చీలోంచి మా అత్తగారు అందుకున్నారు. "బాబు కాదమ్మా, మా కోడలు. లోపల తలుపు వేసుకుని చేస్తుంది."

"నేనేనండీ చేశాను" అన్నాను, నేను కూడా.

కొందరు నవ్వారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, మా అమ్మాయికి నేర్పుతారా అనబోయి, మాట మార్చుకుని, "నాకు నేర్పుతారా?" అని అడిగింది. ఆవిడ గడప దాటుతూ చెప్పులు వేసుకుంటుంటే చూశాను. వాకిట్లో స్టిక్కరు లేదు. దాని చోట, కుర్చీలో కూచుని చేతికర్ర చివరతో చుక్కలు చూపిస్తూ మా అత్తగారు నా చేత వేయించిన ముగ్గు ఉంది. రెండు మెలికలు తప్పాయి. గీతల మొదట్లో బొట్లు మాత్రం ఒక్కటీ లేవు.